విడాల్ చీటీని చదవడం ఎలా?

జ్వరం నాలుగు రోజులు నిలిస్తే చాలు, ఇంటింటా వినిపించే ప్రశ్న 'విడాల్ చేయించారా?' అని. చీటీలో 'పాజిటివ్' అని కనిపించగానే టైఫాయిడ్ అని నిశ్చయించుకొని మందులు మొదలుపెట్టేవారు అనేకులు. గురుకులంలో నాడీ, జిహ్వా పరీక్షలు అభ్యసించిన వైద్యుడనైనా ఈ పరీక్షను నేను తృణీకరించను. అయితే అది చెప్పేదేమిటో తెలిసి చదువుకోవాలి.

రక్తాన్ని గాజు గొట్టంలో కదల్చక ఉంచితే గడ్డకట్టి, పైన లేత పసుపు ద్రవం తేరుతుంది. అదే రక్తరసి, అనగా సీరం. క్రిములను ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసుకొన్న ప్రతిరక్షకాలు ఇందులో ఉంటాయి. టైఫాయిడ్ రోగి రసి ఆ క్రిములను గుంపులుగా అంటుకొనేలా చేస్తుంది. ఫ్రాన్స్ దేశపు వైద్యుడు ఫెర్నాండ్ విడాల్ 1896లో ఈ గుణాన్ని రోగనిర్ణయానికి వినియోగించాడు. రసిని ఎంత పలుచన చేసేవరకు ఈ గుణం నిలిచిందో తెలిపేవే 1:80, 1:160 వంటి అంకెలు.

ప్రతిరక్షకాలు సాధారణంగా మొదటి వారం గడిచాకే తగినంతగా కనిపిస్తాయి. కనుక మూడవనాటి 'నెగెటివ్' చూసి నిశ్చింతగా ఉండరాదు. 'పాజిటివ్' కూడా అంతే. ఎన్నడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్ల, పాత టీకాల వల్ల, ఒక్కొక్కప్పుడు మలేరియా వంటి ఇతర జ్వరాలలోనూ అది రావచ్చు. వారం పది రోజుల ఎడంతో రెండుమార్లు పరీక్షించినప్పుడు అంకె నాలుగురెట్లు పెరిగితే దానికి విలువ అధికం. మొదటి వారంలోనైతే, యాంటీబయాటిక్ వాడక మునుపే రక్తం తీసి చేసే 'బ్లడ్ కల్చర్' మేలు.

ఇంట్లో చేయదగినది ఉన్నది. జావ, పెసరకట్టు వంటి లఘ్వాహారం ఇవ్వండి. దాహానికి షడంగపానీయం మంచిది. తుంగముస్తలు, పర్పాటకం, వట్టివేళ్ళు, చందనం, కురువేరు, శొంఠి సమంగా కలిపిన పొడి ఒక తులం, ముప్పాతిక లీటరు నీటిలో వేసి సగానికి కాచి, వడగట్టి, కొద్దికొద్దిగా త్రాగించాలి. ఇది దాహతాపాలను ఉపశమింపజేస్తుందే గాని టైఫాయిడ్‌కు మందు కాదు. వైద్యుడు నిర్ణయించిన యాంటీబయాటిక్‌ను నడుమ మానరాదు.

మలబద్ధమని ఆముదం మాత్రం పట్టకండి. టైఫాయిడ్‌లో ప్రేగులు పుండ్లుపడతాయి. ముఖ్యంగా మూడవ వారంలో వాటికి రంధ్రం పడే ప్రమాదం ఉన్నది. హఠాత్తుగా కడుపునొప్పి, నల్లని విరేచనం, సంధి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

చీటీ మీద, జ్వరం వచ్చిన ఎన్నవ రోజున రక్తం తీశారో వ్రాసి ఉంచండి. వైద్యునికి ఆ అంకె కూడా అవసరమే.