పూటల లెక్కలో కౌలాలంపూర్

వారం రోజుల విదేశీ యాత్రలో ప్రయాణికులకు నిజంగా దక్కే కాలం ఏడు రోజులకంటే బాగా తక్కువ. ఈ సంగతిని టికెట్లు కొనకముందే గ్రహించిన కుటుంబానికి యాత్ర కుదురుగా సాగుతుంది. విమానం దిగాక గ్రహించిన కుటుంబానికి పరుగు, అలసట మిగులుతాయి. తెలుగు ఇళ్లలో కాలాన్ని కొలిచే పాత మానం పూట. రోజును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు పూటలుగా చూస్తే వారానికి 21 పూటలు వస్తాయి. వాటిలో నాలుగో ఐదో విమానాశ్రయాలకు, నిద్ర తీర్చుకోవడానికి పోతాయి. మిగిలినవాటిలో పూటకు ఒక్క స్థలం చొప్పున పెట్టుకుని, కనీసం మూడు పూటలను ఏ పనీ లేకుండా వదిలిపెట్టగలిగితే విదేశీ నగరం కొంతైనా అర్థమవుతుంది. హైదరాబాద్ ఉత్తర శివారులోని కొంపల్లి నుంచి మలేసియా రాజధాని కౌలాలంపూర్‌కు బయలుదేరే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ లెక్కను పరిశీలించవచ్చు.

కౌలాలంపూర్‌ను ఎంచుకోవడానికి తగిన కారణాలున్నాయి. హైదరాబాద్ నుంచి అక్కడికి నేరుగా విమానాలు ఉన్నాయి, గాలిలో గడిచేది నాలుగు గంటల పైచిలుకు మాత్రమే. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల లోపు పర్యటనకు వీసా లేకుండా వెళ్లే వెసులుబాటును మలేసియా ప్రభుత్వం కల్పించి, దాని గడువును 2026 చివరి వరకు పొడిగించింది. ఇలాంటి నియమాలు మారుతుంటాయి కనుక టికెట్టుకు డబ్బు కట్టే ముందు మరోసారి సరిచూసుకోవడం అవసరం. అన్నిటికీ మించి, ఈ నగరం తెలుగువారికి కొత్తది కాదు. 1975లో హైదరాబాద్‌లో జరిగిన తొలి ప్రపంచ తెలుగు మహాసభల తరువాత రెండవ మహాసభలు 1981లో కౌలాలంపూర్‌లోనే జరిగాయి.

హైదరాబాద్‌లో అమ్ముడయ్యే ప్యాకేజీ యాత్రల్లో, అంటే విమానం, బస, భోజనం, బస్సు అన్నీ ఒకే ధరలో కలిపి సంస్థలు అమ్మే యాత్రల్లో, మలేసియా, సింగపూర్, థాయిలాండ్‌లను ఒకే వారంలో చుట్టివచ్చేవి తరచుగా కనిపిస్తాయి. మూడు దేశాలు అన్న మాట వినసొంపుగానే ఉంటుంది కాని, ఒక నగరం నుంచి మరో నగరానికి మారిన ప్రతిసారీ సామాను సర్దుకోవడానికి, విమానాశ్రయం చేరడానికి, ఇమిగ్రేషన్ వరుసలో నిలబడడానికి, కొత్త హోటల్లో గది దొరికే వేళ వరకు ఎదురుచూడడానికి కలిపి రెండు పూటలైనా ఖర్చవుతాయి. వృద్ధులు, పసిపిల్లలు ఉన్న కుటుంబానికి వారం రోజులకు ఒక్క నగరం, ఒక్క హోటలు చాలు. అంతకు మించినది ఫొటోలకే పనికివస్తుంది.

యాత్రకు తేదీలు నిర్ణయించేటప్పుడు ఇక్కడి బడి సెలవులను అక్కడి వానలతో కలిపి చూడాలి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కౌలాలంపూర్‌లో ఎండాకాలం, చలికాలం అన్న తేడా దాదాపు లేదు, ఏడాది పొడవునా ఉక్కపోతే. అయితే ఏప్రిల్ ప్రాంతంలోనూ, అక్టోబరు, నవంబరు నెలల్లోనూ వానలు ఎక్కువ, జూన్, జూలైలలో తక్కువ. కాబట్టి దసరా సెలవుల కంటే వేసవి సెలవుల చివరి భాగం అనుకూలం. సంక్రాంతి తరువాత, జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట్లో వచ్చే తైపూసం నాడు, అంటే తమిళుల మురుగన్ పండుగ నాడు, మురుగన్ ఆలయమున్న బటు గుహల వద్ద లక్షల మంది చేరుతారు. కావళ్లు మోసే భక్తుల ఊరేగింపు చూడగోరేవారు తప్ప మిగిలినవారు ఆ రోజుల్లో అటువైపు వెళ్లకపోవడమే మేలు. రంజాన్ నెలలో పగటిపూట మలయ్ భోజనశాలలు చాలావరకు మూసి ఉంటాయి కాని, సాయంత్రం వీధుల్లో వెలిసే ఆహార సంతలు ఆ లోటును తీర్చేస్తాయి.

కాగితాల విషయానికి వస్తే, పాస్‌పోర్టుకు ప్రవేశ తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మలేసియా డిజిటల్ అరైవల్ కార్డు అనే ప్రవేశ పత్రాన్ని చేరే తేదీకి ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. అది పూర్తిగా ఉచితం కాబట్టి దానికి రుసుము అడిగే వెబ్‌సైట్లను నమ్మకూడదు. వీసా అక్కర్లేనంత మాత్రాన ఇమిగ్రేషన్ అధికారి ఏమీ అడగడని అర్థం కాదు. తిరుగు టికెట్టు, హోటల్ బుకింగ్, ఖర్చులకు సరిపడే డబ్బున్నట్టు ఆధారం చేతిలో ఉండాలి. డబ్బును ఫారెక్స్ కార్డులో, అంటే విదేశీ కరెన్సీని ముందుగానే నింపి ఇచ్చే బ్యాంకు కార్డులో, ఎక్కువ భాగం పెట్టుకుని కొంత నగదు ఉంచుకోవడం మంచిది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్లకు సమానమైన విదేశీ నోట్ల వరకు తీసుకెళ్లవచ్చు. అక్కడి దుకాణాల్లో కార్డు గీసినప్పుడు రూపాయల్లో చెల్లిస్తారా, అక్కడి కరెన్సీ అయిన రింగిట్‌లలో చెల్లిస్తారా అని యంత్రం అడిగితే రింగిట్‌నే ఎంచుకోవాలి, ఎందుకంటే రూపాయలను ఎంచుకుంటే మారకపు రేటును ఆ దుకాణం వైపు సంస్థ నిర్ణయిస్తుంది, అది ప్రయాణికుడికి సాధారణంగా నష్టమే. ప్యాకేజీ కొన్నవారి దగ్గర సంస్థ వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను మొత్తం ఆదాయపు పన్ను ఖాతాలో జమ అవుతుంది, రిటర్ను దాఖలు చేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఆ డబ్బును వదులుకోవడం తగదు.

2008 మార్చి వరకు విమానాలు బేగంపేట నుంచి ఎగిరేవి కాబట్టి కొంపల్లి వాసులకు విమానాశ్రయం దగ్గరలోనే ఉండేది. శంషాబాద్‌కు మారిన తరువాత అది నగరానికి సరిగ్గా అవతలి కొసకు వెళ్లింది. 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్ వైపు వెళ్లి, కండ్లకోయ వద్ద అవుటర్ రింగు రోడ్డెక్కితే, 158 కిలోమీటర్ల ఆ వలయంలో దాదాపు సగం తిరిగి శంషాబాద్ చేరాలి. నగరం మధ్య నుంచి వెళ్తే దూరం తగ్గుతుంది కాని సుచిత్ర కూడలి మొదలుకుని రద్దీ ఎంత సమయం తింటుందో ముందుగా చెప్పడం కష్టం. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు చేరాలన్న నియమాన్ని కూడా కలుపుకుంటే, రాత్రి విమానానికి సైతం ఆ సాయంత్రం పూట మొత్తాన్ని ప్రయాణానికే రాసివేయాలి. ఆ రోజు మధ్యాహ్నం వరకు ఆఫీసు పని చేసి బయలుదేరాలనుకునేవారు తమ మొదటి రోజును తామే పాడుచేసుకుంటున్నట్టు.

రాత్రంతా ప్రయాణించి తెల్లవారి దిగిన కుటుంబం గడియారాన్ని రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. సెపాంగ్‌లోని విమానాశ్రయం నుంచి కేఎల్‌ సెంట్రల్ స్టేషన్‌కు వేగ రైలు 28 నిమిషాల్లో చేరుస్తుంది. ఆ స్టేషన్ ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్ పేటలోనే బస చూసుకోవడం తెలుగు కుటుంబాలకు అన్నివిధాలా సౌకర్యం: నగర రైళ్లలో చాలావరకు అక్కడే కలుస్తాయి, అరిటాకు భోజనం నడిచి వెళ్లే దూరంలో దొరుకుతుంది, పూల దండలు, పసుపు కుంకుమలు అమ్మే దుకాణాల మధ్య పెద్దవారికి పరాయి ఊరన్న బెంగ ఉండదు. 1881లో అగ్నిప్రమాదం, వరద వెంటవెంటనే వచ్చి కర్రతో, తాటాకుతో కట్టిన ఊరిని తుడిచిపెట్టినప్పుడు ఇకమీదట ఇటుకతోనే కట్టాలని ఆంగ్ల పాలకులు ఆదేశించారు, ఆ ఇటుకలు కాల్చిన బట్టీల వల్లే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. హోటల్లో విదేశీయుల నుంచి గదికి రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను విడిగా వసూలు చేస్తారు. అక్కడి ప్లగ్గులకు దీర్ఘచతురస్రాకారపు మూడు పిన్నులుంటాయి కనుక అడాప్టర్ వెంట ఉండాలి.

మొదటి రోజు ఉదయం పూటను నిద్రకు వదిలి, సాయంత్రం మస్జిద్ జామెక్ దగ్గరికి వెళ్లడం మంచి ఆరంభం. కౌలాలంపూర్ అంటే మలయ్ భాషలో బురద సంగమం. క్లాంగ్, గొంబాక్ అనే రెండు నదులు కలిసే ఆ చోటు ఈ మసీదు పక్కనే ఉంది. తగరం తవ్వడానికి రాజా అబ్దుల్లా పంపిన 87 మంది చైనా గని కార్మికులు 1857లో పడవలు దిగింది ఆ ప్రాంతంలోనే. వారిలో ఎక్కువ మంది జ్వరాలతో చనిపోయారు. 1909లో కట్టిన మసీదు, నది దాటితే 1897 నాటి సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం, దాని ఎదుట 1957లో దేశం స్వతంత్రమైన రాత్రి బ్రిటిష్ జెండా దిగిన మెర్డేకా మైదానం, ఇవన్నీ ఒక్క పూటలో కాలినడకన చూడదగినవి.

తరువాతి రోజుల క్రమాన్ని వానే నిర్ణయిస్తుంది. సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో అవుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఉరుములతో కూడిన పెద్ద వాన రావడం ఆ నగరంలో మామూలు, అది సాధారణంగా ఒకటి రెండు గంటల్లో తెరిపిస్తుంది. అందువల్ల ఆరుబయటి స్థలాలను ఉదయానికి, పైకప్పు ఉన్నవాటిని మధ్యాహ్నానికి, వీధులను, సంతలను సాయంత్రానికి పెట్టుకోవాలి. ఈ లెక్కన ఇస్లామిక్ కళల మ్యూజియం, జాతీయ మ్యూజియం మధ్యాహ్నపు పూటలవి, చైనా వీధి పెటాలింగ్ స్ట్రీట్ సాయంత్రపుది.

బటు గుహలకు మాత్రం తెల్లవారుతూనే బయలుదేరాలి. నగరానికి ఉత్తరాన 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ సున్నపురాతి గుహలకు కేఎల్‌ సెంట్రల్ నుంచే రైలుంది. 2006లో ఆవిష్కరించిన 42.7 మీటర్ల మురుగన్ విగ్రహం పక్క నుంచి 272 మెట్లు గుహాలయానికి వెళ్తాయి, మోకాళ్లు కనబడే దుస్తులతో పైకి పంపరు, కోతులు చేతిలోని పొట్లాలు లాక్కుంటాయి. మెట్లెక్కలేని పెద్దలు కిందనే ఉన్న ఆలయాలను, రామాయణ గుహను చూడవచ్చు, వారికోసం ఎవరో ఒకరు తోడుండే ఏర్పాటు ఇంటి దగ్గరే అనుకోవాలి. పెట్రోనాస్ జంట గోపురాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: 88 అంతస్తులు, 452 మీటర్లు, 41, 42 అంతస్తుల వద్ద రెండింటినీ కలిపే వంతెన, లోపలికి వెళ్లే టికెట్లు ముందుగా తీసుకోవాలి, సోమవారం సెలవు. చీకటి పడ్డాక ఎదుటి పార్కులో కూర్చుని ఉచితంగా చూసే దృశ్యం పైనుంచి కనబడేదానికి తీసిపోదు.

తిండి విషయంలో శాకాహారులు ఒక జాగ్రత్త పాటించాలి. అక్కడి వంటల్లో బెలాచన్ అనే రొయ్యల ముద్ద, చిన్న ఎండు చేపలు కంటికి కనబడకుండానే కలుస్తాయి, కొబ్బరిపాలతో వండే నాసి లెమాక్ అన్నం పక్కన పెట్టే కారంలో కూడా అవి ఉంటాయి; మాంసం లేదంటే శాకాహారమే అనుకోకూడదు. పొరల రొట్టెను పప్పుతో వడ్డించే రోటి చనాయ్, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి ఎత్తి పోస్తూ నురగ తెప్పించే తేహ్ తారిక్ టీ తెలుగు నాలుకకు వెంటనే నచ్చుతాయి. వీటిని అమ్మే మామక్ కొట్లు తమిళ ముస్లింలవి, చాలావరకు రాత్రంతా తెరిచే ఉంటాయి.

ఒక పూటను తప్పనిసరిగా ఈ దేశానికి వచ్చిన మనవారి చరిత్రకు కేటాయించాలి, ఏ ప్యాకేజీలోనూ ఈ పూట ఉండదు. పందొమ్మిదవ శతాబ్ది చివర, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాల్లో విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుంచి వేలాది తెలుగువారు అప్పట్లో మలయా అనే ఈ దేశానికి వలస వెళ్లి రబ్బరు, కొబ్బరి తోటల్లో కూలీలయ్యారు. వారిలో పలువురిని తీసుకెళ్లింది కంగాణీ పద్ధతి, అంటే తోటలోని మేస్త్రీనే స్వగ్రామానికి పంపి బంధువులను, ఇరుగుపొరుగువారిని కూడగట్టుకు రప్పించే ఏర్పాటు. 1938లో భారత ప్రభుత్వం ఇలాంటి కూలీ వలసను నిషేధించింది. నాలుగేళ్లకే జపాన్ సైన్యం మలయాను ఆక్రమించి, సయాం, బర్మాల మధ్య రైలు మార్గం వేయడానికి తోటల కూలీలను తరలించింది. వెళ్లిన తమిళులు, తెలుగువారిలో ఎంతోమంది తిరిగి రాలేదు. మిగిలినవారు 1955లో ఆంధ్ర సంఘంగా ఏర్పడ్డారు, అదే నేటి మలేసియా తెలుగు సంఘం. పెరాక్ రాష్ట్రంలోని బగాన్ దాతుక్ కొబ్బరి తోటల ప్రాంతం వారి పాత స్థావరాల్లో ఒకటి. మూడు నాలుగు తరాలుగా అక్కడే పుట్టిపెరిగినా ఉగాది జరుపుకునే ఈ కుటుంబాల వారు బ్రిక్‌ఫీల్డ్స్ గుడిలోనో, దుకాణంలోనో తారసపడినప్పుడు, వారి తెలుగులో ఉత్తరాంధ్ర యాసతో కలిసి వినిపించే మలయ్ మాటలను ఆలకించడం ఏ గోపురం ఎక్కడంకంటే తక్కువ అనుభవం కాదు.

నగరం విడిచి ఒక్క రోజు బయటికి వెళ్లాలనుకుంటే మలక్కా సరైన ఎంపిక. బస్సులో సుమారు రెండు గంటలు. 1511లో పోర్చుగీసులు, 1641లో డచ్చివారు, 1824లో ఆంగ్లేయులు వరుసగా చేజిక్కించుకున్న ఈ రేవు పట్టణం 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 1748 నాటి కంపుంగ్ క్లింగ్ మసీదు పేరులోని క్లింగ్ అన్న మాట కళింగ నుంచి పుట్టింది. మలయ్ ప్రజలు ఒకప్పుడు మన తీరం నుంచి వచ్చిన వర్తకులందరినీ ఆ పేరుతోనే పిలిచేవారు. ఇప్పుడు ఆ మాట అక్కడి భారతీయులకు అవమానంగా వినిపిస్తుంది కాబట్టి సంభాషణలో వాడకూడదు.

మలక్కాకు మూడు పూటలు పోయినా ఖాళీగా ఉంచిన పూటలను ముట్టుకోకూడదు. పిల్లవాడికి జ్వరం రావచ్చు, వాన సాయంత్రం దాకా విడవకపోవచ్చు, నచ్చిన చోటికి రెండోసారి వెళ్లాలనిపించవచ్చు. ఆ పూటలు వీటికోసమే. చివరి రోజు ఉదయాన్ని పెద్దలు చెరువుల పక్కన 1888లో వేసిన వృక్ష ఉద్యానంలో గడపవచ్చు, మధ్యాహ్నం సామాను సర్దుకుని, ఫారెక్స్ కార్డులో ఇంకా రింగిట్‌లు ఉంటే వాటితో కేఎల్‌ సెంట్రల్‌లో రైలు టికెట్లు కొనుక్కోవచ్చు.