నాయిన జ్వరం.. గొర్ల మంద చెప్పిన గుట్టు

పొద్దుగూకితే చాలు, మా నాయిన గొంగడి కప్పుకొని వణికేవాడు. తెల్లారేసరికి చెమటతో బనీను తడిసిపోయేది. పగలంతా మామూలే. ‘ఏం లేదు బిడ్డా, అదే పోతది’ అనేవాడు. నారాయణపేట దగ్గరి మా ఊళ్లో ఇంజెక్షన్లు, మాత్రలు అన్నీ అయినయి. మలేరియా కాదు, డెంగీ కాదు, టైఫాయిడ్‌ కాదు. ఐదు వారాల్లో మనిషి సగమయ్యాడు. 68 ఏళ్ల వయసు. క్యాన్సరేమోనని అన్నా, నేనూ చాటుకు ఏడ్చినం.

మహబూబ్‌నగర్‌లో ఓ డాక్టర్‌ రిపోర్టులు పక్కనపెట్టి ముందు మాట కలిపాడు.

‘ఏం పని చేస్తరు పెద్దాయనా?’

‘గొర్లు కాస్త సారూ.’

‘ఈమధ్య ఏమన్నా ఈసుకుపోయినయా?’

‘నాలుగు. నేనే చేత్తో తీసిన.’

పచ్చిపాలు తాగుతాడా, నడుము నొప్పి ఉందా అనీ అడిగి, బ్రూసెల్లా పరీక్ష, రక్తం కల్చర్‌ రాశాడు. అదే తేలింది.

ఈసుడు రోగమున్న గొర్రె, మేక, పశువుల మావి ముట్టుకున్నా, కాచని పాలు తాగినా ఈ క్రిమి మనుషులకు సోకుతుంది. 1887లో మాల్టా దీవిలో డేవిడ్‌ బ్రూస్‌ దీన్ని గుర్తించాడు. సాధారణంగా రెండు రకాల యాంటీబయాటిక్స్‌ 6 వారాలు వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది.

అందరి జ్వరానికీ ఇదే కారణం కాదు. 101 డిగ్రీలు దాటే జ్వరం 3 వారాలైనా తగ్గక, పరీక్షల్లోనూ కారణం దొరక్కపోతే డాక్టర్లు లోతుగా వెతుకుతారు. మన దగ్గర మొదటి అనుమానం క్షయ మీదే. దగ్గు లేకున్నా అది వెన్నెముకలో, గ్రంథుల్లో, పొట్టలో దాగొచ్చు. గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌, కాలేయంలో చీముగడ్డ, లింఫోమా, కొన్నిసార్లు వాడే మందులూ కారణమే. 50 దాటినవాళ్లకు జ్వరంతోపాటు కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసక ఉంటే రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఒంట్లో పెద్ద జబ్బున్నా, ముసలివాళ్లలో జ్వరం ఎక్కువ చూపించకపోవచ్చు.

అందుకే రోజూ జ్వరమెంతో రాసిపెట్టండి. వాడిన మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. కారణం తెలియకుండా స్టెరాయిడ్‌, యాంటీబయాటిక్‌ సూదులు వేయించకండి. జబ్బు ముసుగులో పడుతుంది, కల్చర్‌లో క్రిమి దొరకదు.

నాయిన ఇప్పుడు మళ్లీ మంద వెంట పోతున్నాడు. పాలు కాచే తాగుతాడు. ఈత సమయంలో చేతులకు గ్లౌజులు. ‘గొర్ల సంగతి ముందే ఎందుకు చెప్పలే?’ అంటే నవ్వుతాడు.. ‘ఎవరన్నా అడిగితే కదా బిడ్డా!’