మాటల ఓడరేవు

మచిలీపట్నాన్ని ప్రజలు బందరు అంటారు. ‘బందరు’ రేవుపట్టణమనే అర్థంగల పారశీక పదం. ఆ ఊరి పేరే దాని సముద్రవర్తక చరిత్రకు సాక్ష్యం.

1602లో స్థాపితమైన డచ్చి తూర్పు ఇండియా కంపెనీ కొద్దికాలానికే నూలువస్త్రాల కోసం బందరులో వర్తకస్థావరం నెలకొల్పింది. డచ్చిభాషలో నావికుణ్ణి ‘మత్రోస్’ అంటారు. పడకను పంచుకొనే తోడు అనే అర్థంగల పాత డచ్చి మాట ఫ్రెంచిలోకి వెళ్లి, రూపం మారి తిరిగి స్వదేశం చేరిందని భాషావేత్తల అభిప్రాయం. ఇరుకైన ఓడలో ఒకరు కాపలా కాస్తుంటే మరొకరు అదే పడకపై నిద్రించేవారు.

ఈ మాట దూరదేశాలకు వ్యాపించింది. రష్యా చక్రవర్తి మొదటి పీటరు 1697లో హాలెండు వెళ్లి నౌకానిర్మాణం నేర్చుకున్నాడు. రష్యన్ భాషలో నేటికీ నావికుడు ‘మత్రోస్’. రెండు శతాబ్దాలకు పైగా ఐరోపావారిలో డచ్చివారితో మాత్రమే వర్తకం సాగించిన జపానులో అది ‘మదొరొసు’ అయింది. డచ్చిపాలనలో ఉన్న ఇండోనేషియాలోనూ నిలిచింది.

అయితే బందరులో ఆ మాట నిలవలేదు. డచ్చివారు రాకముందే ఇక్కడి ఓడలు పశ్చిమాసియా రేవులకు వెళ్లేవి. గోల్కొండ సుల్తానుల కొలువులో పారశీకానికి ఆదరణ ఉండేది. అందుచేత అరబ్బీ, పారశీక మూలాలుగల కళాసి, సరంగు, సుక్కాని వంటి పదాలే తెలుగులో స్థిరపడ్డాయి. పనికి తగిన పేరు ముందే ఉన్నచోట పరాయిమాటకు చోటు దొరకడం కష్టం.

‘లస్కరు’ అనే మాట ప్రయాణం మరింత ఆసక్తికరం. పారశీకంలో ‘లష్కర్’ అంటే సైన్యం. ఐరోపావారు తమ ఓడలలో పనిచేసే ఆసియా నావికులను ఈ పేరుతో పిలిచారు. సైనిక శిబిరాలలో గుడారాలు వేసేవారికీ, ఫిరంగుల వద్ద చాకిరీ చేసేవారికీ ఇదే పేరు వచ్చింది. 1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తయింది. కాలక్రమాన గుడివాడ ప్రాంతానికీ, దివిసీమకూ కాలువనీరు చేరింది. నేడు ఆ కాలువల గట్లు కాచి, తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగిని ‘లస్కరు’ అంటారు. నాట్లవేళ కాలువ చివరి రైతు ఎదురుచూసేది అతని కోసమే. ఎన్నడూ ఓడ ఎక్కని మనిషికి నావికుని పేరు దక్కింది!

బందరులోని డచ్చి శ్మశానవాటికలో సమాధిశిలలపై కంపెనీవారి పేర్లు చెక్కి ఉన్నాయి. వారి సరకులు మోసిన కళాసీలకు, ఓడలు నడిపిన సరంగులకు అటువంటి శిలలు లేవు. వారి చరిత్రను భద్రపరచినవి జనుల నాలుకలపై నిలిచిన ఈ మాటలే.