కార్పొరేషన్ బడ్జెట్‌లో పేదల మాట చెల్లేదెలా? తిరుపతి, చిత్తూరు వాసులు తెలుసుకోవాల్సిన 3 విషయాలు

మీ వీధికి ముందు డ్రైనేజీ కావాలా, సెంటర్‌లో కొత్త లైట్లు కావాలా? కార్పొరేషన్ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలో జనమే చెప్పే పద్ధతిని భాగస్వామ్య బడ్జెట్ అంటారు. వినడానికి బాగుంది. కానీ మీటింగ్ పెట్టి ‘అందరూ రండి’ అంటే అందరూ వస్తారా? తెల్లవారుజామునే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికులు, రాత్రి దాకా తోపుడు బండి దగ్గరే ఉండేవాళ్లు రాలేరు. చివరికి వచ్చినవాళ్ల కోరికలే ‘ప్రజాభిప్రాయం’ అయిపోతాయి.

చట్టం ఏం చెబుతోంది?

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాల్సిందే. 2011 లెక్కల్లో తిరుపతి ఆ సంఖ్యకు కాస్త దిగువనే ఆగింది. చిత్తూరు ఇంకా చిన్నది. అంటే ఇక్కడ రాజ్యాంగం నుంచి ఆ గ్యారంటీ లేదు. అయితే చిన్న నగరాల్లోనూ కమిటీలు వేసేలా రాష్ట్రం చట్టం చేయొచ్చు.

ఎక్కడైనా జరిగిందా?

బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరం 1989లో ఈ పద్ధతి మొదలుపెట్టింది. అక్కడ జనాభాతో పాటు, ఏ ప్రాంతంలో సౌకర్యాలు తక్కువో కూడా లెక్కేసి నిధులు పంచారు. మన దేశంలో పుణె కార్పొరేషన్ 2006 నుంచి వార్డు పనులపై జనం సూచనలు తీసుకుంటోంది.

మన దగ్గర ఏం చేయాలి?

1. మీటింగే బస్తీకి రావాలి: 2019లో మొదలైన వార్డు సచివాలయాలు, మెప్మా కింద ఉన్న మహిళా సమాఖ్యలు చేతిలోనే ఉన్నాయి. పని ముగిసే వేళ చూసి కాలనీలోనే కూర్చోబెట్టి అడగాలి.

2. సీటు, వాటా ముందే రాసిపెట్టాలి: 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే. అందులో మూడో వంతు మహిళలు. బడ్జెట్ మీటింగులకూ ఇలాంటి లెక్కే ఉండాలి. ఎంతమంది వచ్చారని కాదు, ఎవరికి నీళ్లు, మరుగుదొడ్లు లేవో చూసి డబ్బు కేటాయించాలి.

3. జవాబు చెప్పాలి: ఏ పని ఒప్పుకున్నారు, ఏది పక్కనపెట్టారు, ఎందుకు? ఈ జాబితా సచివాలయం గోడ మీద తెలుగులో అంటించాలి. చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది. కౌన్సిల్‌లో బడ్జెట్ పాసయ్యాక అడిగితే ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనే మాటే వస్తుంది. అందుకే ముసాయిదా తయారయ్యే చలికాలంలోనే మీ డివిజన్ కోరికలు కాగితం మీద పెట్టి ఇవ్వండి. ఇచ్చినట్టు రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోకండి.