క్లిప్పులు వేయించుకున్న మొదటి వారం

పళ్లకు క్లిప్పులు బిగించేటప్పుడు పెద్దగా నొప్పి తెలియదు. బ్రాకెట్లు అంటించి తీగ కట్టేదాకా నోరు తెరుచుకుని కూర్చోవడమే విసుగు. అసలు బాధ నాలుగైదు గంటల తర్వాత మొదలై, మర్నాటికి ముదిరి, మూడో రోజు నుంచి తగ్గుముఖం పడుతుంది. సాధారణంగా వారంలో సద్దుమణుగుతుంది. తీగ మార్చినప్పుడల్లా ఒకటి రెండు రోజులు మళ్లీ సలపవచ్చు.

పన్ను వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక పీచుపొర ఉంటుంది. తీగ లాగినప్పుడు ఆ పొర ఒకవైపు నలిగి, అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు ఊరుతాయి. నరాలను రెచ్చగొట్టేవి అవే. నలిగిన వైపు ఎముకను కరిగించే పనికి తోడ్పడేవీ అవే. అలా ఒకవైపు కరుగుతూ మరోవైపు కొత్త ఎముక కట్టుకుంటూ ఉంటే పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఈ దశలో పళ్లు కాస్త కదిలినట్టు అనిపించినా కంగారు అక్కర్లేదు.

ఐబుప్రోఫెన్ ఈ రసాయనాల తయారీనే అడ్డుకుంటుంది కనుక, రోజుల తరబడి వాడితే పన్ను కదలిక మందగించవచ్చన్న అనుమానంతో చాలామంది వైద్యులు పారాసెటమాల్ వైపే మొగ్గుతారు. పిల్లలకు బరువును బట్టి మోతాదు ఇవ్వాలి. జలుబు మందుల్లోనూ పారాసెటమాల్ ఉండవచ్చు, రెండూ కలిస్తే మోతాదు మించిపోతుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇక ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే లవంగ నూనె పుచ్చిపన్నుకేమో గానీ ఇక్కడ అంతగా పనికిరాదు. నొప్పి వేరు చుట్టూ ఉంటే నూనె పైపైనే ఆగిపోతుంది, పైగా చిగురు మండుతుంది. అంతకంటే చల్లని నీళ్లు గుక్కగుక్కగా తాగడం మేలు.

మొదటి మూడు రోజులు పెరుగన్నం, ముద్దపప్పు, రాగిజావ, సాంబారులో నానిన ఇడ్లీ హాయిగా దిగుతాయి. జంతికలు, చెరకు, పల్లీపట్టీ మాత్రం నొప్పి పోయాక కూడా వద్దు, బ్రాకెట్లు ఊడతాయి. పసుపు కూరలకు లేతరంగు రబ్బరు రింగులు పచ్చబడతాయి. అందం చెడుతుంది తప్ప హాని లేదు.

బుగ్గ లోపల, పెదవి లోపల ఒరుసుకుని పడే పుండ్ల సంగతి వేరు. వీటికి మాత్ర కన్నా మైనం ముఖ్యం. క్లిప్పులతో పాటు ఇచ్చే మైనంలోంచి శనగగింజంత తీసుకుని, వేళ్ల మధ్య నలిపి ఉండ చేయాలి. గుచ్చుకునే బ్రాకెట్‌ను దూదితో పొడిగా తుడిచి, ఆ ఉండను దానిమీద అదిమి పెట్టాలి. తడిమీద పెడితే నిలవదు, తడబడేది ఇక్కడే. తినేముందు తీసేసి, తర్వాత కొత్తది పెట్టుకోవాలి. పొరపాటున మింగినా ప్రమాదం లేదు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అరచెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే పుండ్లకు ఉపశమనం. పుండున్నన్నాళ్లూ ఆవకాయ పక్కన పెట్టక తప్పదు. నొప్పిగా ఉందని బ్రష్ మాత్రం మానకూడదు. ఇరుక్కున్న మెతుకులతో చిగుళ్లు వాచి బాధ రెట్టింపవుతుంది. మెత్తని కుచ్చు బ్రష్ చాలు.

వెనక పళ్ల దగ్గర తీగ కొస బయటికి పొడుచుకొస్తే పెన్సిల్ చివరి శుభ్రమైన రబ్బరుతో మెల్లగా లోపలికి వంచవచ్చు. వంగకపోతే మైనం పెట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. బ్రాకెట్ ఊడినా, వారం దాటినా నొప్పి తగ్గకపోయినా వెళ్లాల్సిందే. ముఖం వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించుకోవాలి.