పళ్లెంలో గుట్ట తగ్గితే...

ఉదయగిరి చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో పళ్లెం మారి నలభై ఏళ్లు దాటింది. వరికుంటపాడు, దుత్తలూరు, కొండాపురం వైపు ఒకప్పుడు సజ్జ, జొన్న, కొర్ర, ఆరికలే తిండిగింజలు. వరన్నం పండక్కీ, చుట్టాలొచ్చిన రోజుకీ. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక పేదింట ఆకలి తీరింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే నెమ్మదిగా మూడు పూటలా బియ్యమే అయింది. పొద్దున ఇడ్లీయో దోసెయో, మధ్యాహ్నం అన్నం, రాత్రికి మళ్లీ అన్నం. పొద్దంతా చేలో వంగి కలుపు తీసే ఒంటికి అది చెల్లింది. ట్రాక్టరూ, మోటారు సైకిలూ వచ్చి ఒంటికి పని తగ్గింది. అన్నం మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా షుగరు బిళ్ళలే. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారనీ 2023లో భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో సాగిన ఇండియాబ్ అధ్యయనం అంచనా కట్టింది. ‘సన్నగా ఉన్నాను, నాకెందుకొస్తుంది’ అనే ధీమా మనకు పనికిరాదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే ఒంటితీరు మన దేశస్థులదని పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. బక్కపలచని మనిషికి పొట్ట ఒక్కటే ముందుకొస్తే పరీక్ష చేయించుకోవాల్సిందే.

పళ్లెంలోకి వద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల తెల్లబియ్యంలో 78 గ్రాములు పిండిపదార్థమే. పీచు మూడు గ్రాములు కూడా ఉండదు. సజ్జల్లో పిండిపదార్థం 62 గ్రాములు, పీచు 11 గ్రాములకు పైన. పూటకు 200 గ్రాముల బియ్యం వండుకు తినేవారికి ఆ ఒక్క పూటలోనే 150 గ్రాములకు మించి పిండిపదార్థం లోపలికి పోతుంది. చక్కెర లేని టీ తాగి, ఆ గుట్టంత అన్నం తింటే పథ్యం చేసినట్టు కాదు.

అలాగని బియ్యం మానేసి కొర్రన్నాన్ని అదే గుట్టగా పెట్టుకున్నా ఫలితం ఉండదు. కొర్రలోనూ పిండిపదార్థమే ఎక్కువ. రాగిజావ సంగతీ అంతే. మెత్తగా పట్టించిన పిండిని పలచగా కాచి గటగటా తాగితే షుగరు వేగంగానే ఎక్కుతుంది. సంగటిలో రాగిపిండి కన్నా బియ్యపు నూకే ఎక్కువ పడుతుంటే దాన్ని రాగి సంగటి అనుకుని భరోసా పడటం దండగ. దానికన్నా సజ్జరొట్టె నయం. బరకగా పట్టించిన పిండిని వేడినీళ్లతో కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద రెండువైపులా కాల్చాలి. పక్కన వంకాయ కూర నిండుగా ఉంటే రెండో రొట్టెకు ఆకలి ఉండదు. కొర్రలైతే కనీసం రెండు గంటలు నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి వండితే పలుకు లేకుండా ఉడుకుతాయి.

చిరుధాన్యాల మీద వచ్చిన 80 అధ్యయనాలను పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో కలిపి చూశారు. వాటిని వాడిన మధుమేహ రోగుల్లో పరగడుపు షుగరు సగటున 12 శాతం, తిన్నాక చూసేది 15 శాతం తగ్గినట్టు తేలింది. మంచి మేలే, మాయ కాదు.

అసలు సూత్రం పాళ్లలో ఉంది. ఇండియాబ్ బృందమే 18,090 మంది తిండి వివరాలు లెక్కగట్టి 2022లో ఒక మాట చెప్పింది: కొత్తగా షుగరు బయటపడినవాళ్లు అదుపులోకి రావాలంటే రోజు మొత్తం శక్తిలో పిండిపదార్థాల వాటా 49 నుంచి 54 శాతానికి దిగాలి, మాంసకృత్తులు 20 శాతం దాకా పెరగాలి. మెట్టలో దీనికి దారి వెతుక్కోనక్కర్లేదు. అలసందలు, పెసలు, ఉలవలు, కంది ఉన్నాయి. కోడిగుడ్డు ఉంది. అన్నం కలపకముందే ఒక గిన్నెడు ఆకుకూర పప్పో, ఉడికించిన అలసందలో తినేయాలి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని పిండిపదార్థం చివర తింటే తిన్నాక షుగరు అంతగా ఎగబాకదని అమెరికాలోని కార్నెల్ వైద్యుల ప్రయోగం 2015లోనే చూపింది. మొదటి ముద్దే అన్నంతో కలుపుకునే మనకిది కొత్త అలవాటు, కానీ పైసా ఖర్చు లేనిది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు మాత్రం క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించి డాక్టరుకు చూపించుకున్నాకే పప్పులు పెంచాలి.

ఖర్చు మాట ఎత్తక తప్పదు. రేషను బియ్యం ఊరికే వస్తాయి, కొర్రలు డబ్బు పెట్టి కొనాలి. సొంత చేలో నాలుగు సాళ్లు సజ్జ వేసుకోగలిగిన ఇంటికీ, కూలి మీద బతికే ఇంటికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం. ఇంకో అన్యాయం వంటింట్లోనే ఉంది. మగవాడికి షుగరొస్తే ఆడమనిషి రొట్టె తట్టి, కూర వేరే చేసి పెడుతుంది. ఆమెకే వస్తే చివరన కూర్చుని, మిగిలిన అన్నంలో ఇంత పచ్చడి కలుపుకుని లేస్తుంది. పప్పు గిన్నె ఖాళీ కాకముందే ఆమె వాటా తీసిపెట్టాలి. ఆ పని ఇంట్లో తక్కినవాళ్లది.

గత కొన్నేళ్లలో తెలుగిళ్లలో రెండు పేర్లు మారుమోగాయి. అన్నం దాదాపు మాన్పించి కొవ్వు మీద నడిపించే వీరమాచనేని రామకృష్ణ పద్ధతి ఒకటి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడి, 2023లో పద్మశ్రీ అందుకున్న ఖాదర్ వలీ సిరిధాన్యాల బాట మరొకటి. ఇవి ఒకదానికొకటి పొసగవు. అయినా రెంటిలోనూ తెల్లన్నపు గుట్ట మాయమవుతుంది. చాలామందికి కలిసొచ్చింది అదేనని నా నమ్మకం. బరువు తగ్గడమూ అంతే ముఖ్యం. బ్రిటన్‌లో 2017లో వెలువడిన ‘డైరెక్ట్’ అనే ప్రయోగంలో 15 కిలోలు, ఆపైన తగ్గినవారిలో 86 శాతం మందికి ఏడాది తిరిగేసరికి మందుల్లేకుండానే షుగరు అదుపులో ఉంది. వాళ్లంతా జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ జోలికి పోనివాళ్లు. ఇరవై ఏళ్ల పాత షుగరుకు అదే ఫలితం ఆశించలేం.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది బిళ్ళల గురించి. ఎవరో చెప్పారని మందు ఆపొద్దు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ బిళ్ళలో, ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం సగానికి తగ్గిస్తే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందు మీద ఉన్నవాళ్లు అన్నం పూర్తిగా మానే పథ్యాలు సొంతంగా మొదలుపెట్టకూడదు, రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. అందుకే పళ్లెం మార్చాలనుకున్న రోజే మందుల చీటీ తీసుకుని ఆసుపత్రికి వెళ్లి, ఎంత అన్నం తగ్గిస్తున్నారో చెప్పండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష అప్పుడొకసారి, మళ్లీ మూడు నెలలకొకసారి చేయించండి. బిళ్ళ తగ్గించాలో వద్దో ఆ అంకె చూసి డాక్టరు చెబుతారు.