నల్గొండలో తీసే ఫ్లోరైడు, ఇక్కడ కలిపే ఫ్లోరైడు

కిందటి వేసవిలో నల్గొండ వైపునుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ మా ఇంట్లో భోజనానికి కూర్చున్నారు. ఇక్కడి కుళాయి నీళ్లలో ఫ్లోరైడు కలుపుతారని మాటల్లో ఎవరో అనగానే ఆవిడ గ్లాసు పక్కన పెట్టేశారు. "మేము దాన్ని తియ్యలేక సస్తుంటే మీరు పైసలు పెట్టి కలుపుకుంటుండ్రా బిడ్డా?" అన్నారు. అందరం నవ్వామే గాని, ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు ఇంజనీర్లు ఉండి కూడా సరైన జవాబు చెప్పలేకపోయాము. ఆ సిగ్గుతోనే కొంత చదివి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాము.

ఈ కథలో పెద్ద ఘట్టం జరిగింది మన మిషిగన్‌లోనే. కొలరాడోలో కొన్ని ఊళ్ల పిల్లల పళ్లమీద గోధుమరంగు మచ్చలెందుకు వస్తున్నాయో చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. చిత్రమేమంటే, మచ్చలున్న ఆ పళ్లు పుచ్చిపోవడం తక్కువ. ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ దంతవైద్యుడు నాలుగు రాష్ట్రాల్లోని 21 ఊళ్లలో ఏడువేలమందికి పైగా పిల్లల పళ్లు లెక్కపెట్టించి, ఆయా ఊళ్ల నీళ్లతో పోల్చి చూశాడు. లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము ఉన్నచోట పుచ్చులు బాగా తక్కువ, మచ్చలూ అంతగా లేవు.

దేవుడిచ్చిన నీళ్ల సంగతి సరే, మనిషి కలిపితే అదే ఫలితం వస్తుందా? అది చూడటానికే 1945 జనవరి 25న గ్రాండ్ రాపిడ్స్ నీళ్లలో ఫ్లోరైడు కలిపారు. లోకంలో అలా చేసిన మొదటి నగరం అదే. పోలికకు కలపని ఊరొకటి కావాలి గనుక, అదే మిషిగన్ సరస్సు నీళ్లు తాగే మస్కీగన్‌ను ఎంచుకున్నారు. సహజంగానే ఫ్లోరైడున్న ఇల్లినాయ్‌లోని ఆరోరా మూడవది. పదిహేనేళ్లు చూద్దామనుకున్నారు. మన ఊరినుంచి ఐ-96 ఎక్కితే రెండుగంటల పైచిలుకులో గ్రాండ్ రాపిడ్స్, అదే రోడ్డు చివర మస్కీగన్. ఆ దారిన ఎన్నిసార్లు పోయామో, ఈ సంగతి మాత్రం తెలియదు.

అయిదారేళ్లకే గ్రాండ్ రాపిడ్స్ పిల్లల పళ్లు మెరుగని మస్కీగన్‌కు తెలిసిపోయింది. లెక్క పూర్తయ్యేదాకా మన పిల్లల పళ్లు పుచ్చిపోవాలా? 1951లో వారూ కలపడం మొదలుపెట్టారు. పోలికకు పెట్టుకున్న ఊరు చేజారింది. శాస్త్రానికి నష్టమే, అయినా మా మటుకు మేము మస్కీగన్ తల్లిదండ్రులను తప్పుపట్టలేము. ఆ తరవాత గ్రాండ్ రాపిడ్స్‌ను దాని పాత లెక్కలతోనే పోల్చవలసి వచ్చింది. ఫ్లోరైడు మొదలైన తరవాత పుట్టిన పిల్లల్లో పుచ్చులు 60 శాతానికి పైగా తగ్గాయని ప్రకటించారు.

ఆ అంకెనే ఈనాటికీ వల్లించడం మాత్రం సరికాదు. అప్పట్లో ఫ్లోరైడు టూత్‌పేస్టు లేదు. ఈనాటి అధ్యయనాలన్నీ కూడగట్టి 2024లో కాక్రేన్ వారు చేసిన సమీక్షలో లాభం పూర్వంకంటె బాగా తక్కువగా కనిపించింది. అయితే కెనడాలో కాల్గరీ నగరం 2011లో మానేస్తే, మానని ఎడ్మంటన్ పిల్లలకంటె అక్కడి పిల్లలకు పుచ్చులు ఎక్కువయ్యాయి. 2025లో మళ్లీ కలపడం మొదలుపెట్టారు. అదే ఏడు యూటా రాష్ట్రం కలపడాన్ని నిషేధించింది! వాదం ఇంకా తెగలేదు.

ఇక పెద్దావిడ ప్రశ్న. ఇక్కడ కలిపే మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు, 2015నుంచి ప్రభుత్వం సూచించే లెక్క అది. మన దేశంలో 1.5 దాటితే తాగరాదంటారు. నల్గొండ జిల్లాలో ఎన్నో ఊళ్ల బోరునీళ్లు ఆ గీత దాటినవే. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని డాక్టర్లు గుర్తించి రాశారు. నల్గొండ వైపు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి హైదరాబాదు పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో లాన్సెట్ పత్రికలో రాశారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. పేరు లోకమంతా పాకింది. ఊళ్లకు అసలు ఊరట మాత్రం నదినీళ్లు పైపుల్లో వచ్చాకనే. అంటే లోటు ఉన్నచోట కలుపుతారు, ఎక్కువైనచోట తీస్తారు. మందు ఒకటే, మోతాదు వేరు. పళ్ల మెరుగుకు పనికివచ్చేది కొలత దాటితే ఎముకలను వంచేస్తుంది.

ఇది చెబితే ఆవిడ సగమే ఒప్పుకున్నారు. "కొలిచేటోడు మంచోడైతే సరే," అని నీళ్లు తాగారు.

మరొక్క మాట. సొంత బావి నీళ్లు వాడేవారు ఒకసారి పరీక్ష చేయించండి. కౌంటీ ఆరోగ్యశాఖను అడిగితే దారి చెబుతారు. కాచినందువల్ల ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. మూడేళ్లలోపు పిల్లలకు పేస్టు బియ్యపుగింజంత చాలు.